గాలికి పడ్డ బంతి

మే 4

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో దేవుడికే తెలియాలి. గోల్ఫ్ రూల్సుకు కోచింగ్ ఇచ్చేది మాత్రం మా అపార్ట్‌మెంట్ టెర్రస్ ఒక్కటే. ఫ్యాకల్టీ నేను. బ్యాచ్ మొత్తం కలిపి మా హైందవి.

సాయంత్రం వాటర్ ట్యాంకుల పక్కన గ్రీన్ అని, అంటే హోల్ చుట్టూ నున్నగా కత్తిరించే పచ్చిక అని, పచ్చ మ్యాట్ పరిచి, చివర హోల్ అని స్టీలు గ్లాసు పడుకోబెట్టి కొట్టించాను. అది కొడుతూ ఉండగానే నేను బిట్లు అడగాలి. తీరిగ్గా కూర్చుని చెప్పే జవాబు జవాబే కాదు, ఇరవై ఏళ్ళుగా మా రీజనింగ్ క్లాసులో చెబుతున్న మాటే ఇది.

"బంతి హోల్ అంచున వేలాడుతూ ఆగింది. ఎంతసేపు చూడొచ్చు?"

"దాని దగ్గరికి నడిచి వెళ్ళాక పది సెకన్లు."

"గ్రీన్ మీద నువ్వు కొట్టిన బంతి, గ్రీన్ మీదే ఆగి ఉన్న ఇంకొకళ్ళ బంతికి తగిలింది."

"రెండు స్ట్రోకుల పెనాల్టీ. వాళ్ళ బంతి పాత చోట పెట్టాలి. నాది ఆగిన చోటే."

"నాణెం పెట్టి గుర్తు పెట్టకుండా బంతి ఎత్తావు."

"ఒక స్ట్రోకు. నాన్నా, గ్లాసు దొర్లిపోయింది, దానికెంత?"

నవ్వితే బంతి వంకర పోయింది. పోయి పోయి వాచ్‌మన్ భార్య రాజమ్మ ఆరబెట్టుకున్న వడియాల్లో పడింది. "ఏం ఆట సారూ ఇది, నా వడియాలే దొరికినయా మీకు?" అంది రాజమ్మ. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పు" అన్నాను హైందవితో. "సారీ చెప్పాలి" అని వెళ్ళి నిజంగానే చెప్పింది. దానికి పదహారేళ్ళు వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు.

పదిహేడు, పద్దెనిమిది తేదీల్లో టోర్నమెంటు. అందరికన్నా తక్కువ స్ట్రోకుల్లో, అంటే తక్కువ దెబ్బల్లో, ముగించి గెలిచిన అమ్మాయికి బెంగళూరు అకాడమీలో సీటు. హాస్టలు, కోచింగు అన్నీ వాళ్ళవే. ఉన్నది ఒక్కటే సీటు. నా దగ్గర చదువుకుని మిలటరీ ఆఫీసరైన కేదార్ సరదాగా ఒకసారి దాన్ని గోల్ఫ్ మైదానానికి తీసుకెళ్ళబట్టి మొదలైన ఆట ఇది. ఇప్పుడు దానికి అన్నం కంటే ఎక్కువైంది.

మే 7

కోచ్ కాశిఫ్ నాకు సలహా చెప్పాడు. "సర్, గన్ని రూల్స్ బట్టీ పట్టిస్తే పోరి పరేషాన్ అయితది. డౌట్ వస్తే చెయ్యి లేపాలె, రిఫరీ వస్తడు, చెప్తడు. గంతే. నేను పిల్లలకు నేర్పేది గదే."

బంతి కొట్టడం నేర్పమంటే నేర్పుతాడు, బాగానే నేర్పుతాడు. మిగతా సంగతి ఎందుకతనికి? చెయ్యి లేపేవాళ్ళు తెలియనివాళ్ళు. నా క్లాసులో ఊరికే చెయ్యి లేపినవాడెవడూ ఉద్యోగం తెచ్చుకోలేదు.

మే 10

బిట్లన్నీ టైపు చేయించి, జిరాక్సు తీయించి, స్పైరల్ బైండింగ్ వేయించాను. కేదార్ వదిలేసి వెళ్ళిన రూల్స్ పుస్తకం లోంచి తీసినవి. అది పాతది. 2019లో కొన్ని మారాయి. మారిన వాటి పట్టిక ఒకటి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. దాన్ని చూసి ఎర్ర పెన్నుతో దిద్దాను. హోల్‌లో జెండా కర్ర తియ్యకుండానే కొట్టొచ్చు. పొరపాటున కాలు తగిలి బంతి కదిలితే గ్రీన్ మీద పెనాల్టీ లేదు. ఇలాంటివి.

"మిగతావి మారలేదా నాన్నా?" అంది.

"మారితే ఇందులో ఉండేవి కదా" అన్నాను.

గ్రూపులో నన్ను రూల్స్ సార్ అంటున్నారు. ఎవరికి అనుమానం వచ్చినా నన్నే అడుగుతున్నారు. మా కోచింగ్ సెంటర్ పంజాగుట్ట బ్రాంచిలో మాత్రం డైరెక్టరు కుర్రాడు, నా కళ్ళముందు పెరిగినవాడు, పిలిచి, "సర్, మీ మెటీరియల్ పాత ప్యాటర్న్‌లో ఉందని స్టూడెంట్స్ అంటున్నారు" అన్నాడు. ప్యాటర్న్ మారితే లాజిక్ మారుతుందా? అడగలేదు. ఉద్యోగం చేసుకోవాలి కదా.

మే 17

మొదటిరోజు అయింది. హైందవి అందరికన్నా ముందుంది. వెనకే సుష్మిత. మా ఆవిడ అరుణ పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను నవ్వలేదు.

మే 18

ఈ రోజు రాయను.

మే 19

గాలి. అంతా గాలి వల్లే.

పదహారో గ్రీన్. హైందవి బంతి హోల్‌కు జానెడు దూరంలో ఆగింది. నాణెం పెట్టి ఎత్తింది, తుడిచింది, మళ్ళీ పెట్టింది. సుష్మిత ఆడాలి కదా అని తను పక్కకు జరిగింది. ఈదురుగాలి ఒకటి లేచింది. అక్కడ నేల కాస్త వాలు. బంతి కదిలి, దొర్లి, హోల్‌లో పడింది. హైందవి దాన్ని తీసుకుని తర్వాతి హోల్‌కు వెళ్ళింది. ముందు కొట్టిన స్ట్రోకుతోనే పడినట్టు లెక్క.

ఇదివరకు అదే రూలు. గాలి ఎక్కడికి తీసుకెళ్తే అదే బంతి చోటు. ఇప్పుడు కాదట. నాణెం పెట్టి ఎత్తి, మళ్ళీ పెట్టిన బంతిని గాలి కదిలిస్తే, అది హోల్‌లోనే పడినా సరే, తెచ్చి పాత చోట పెట్టి కొట్టాలట. కొట్టకుండా తర్వాతి హోల్ మొదలుపెడితే డిస్‌క్వాలిఫై. ఇలాంటి రూలు ఎవడు రాశాడో! ఆ పట్టికలో ఈ ముక్క లేదు. ఎర్ర పెన్నుతో దిద్దడానికి నా దగ్గర ఏముంది?

జానెడు దూరం. కళ్ళు మూసుకుని కొట్టినా పడేది. ఆ ఒక్క స్ట్రోకు కలుపుకున్నా అదే గెలిచేది.

ఆట అయ్యాక సుష్మిత వాళ్ళమ్మ ఉదయలక్ష్మి వెళ్ళి రిఫరీ రఘురామ్ గారి చెవిలో వేసింది. అప్పటిదాకా నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చుంది. తన కూతురు వెనకబడిందని తేలాక గుర్తొచ్చింది రూలు. ఆయన హైందవిని పిలిచి అడిగాడు. అది చెప్పింది. తీర్పు చెప్పేశాడు. సీటు సుష్మితది.

దారిలో మెట్రోలో ముగ్గురం కూర్చున్నాం. హైందవి ఆటలో వేసుకున్న గ్లౌజు తియ్యని చేత్తోనే కమ్మీ పట్టుకుంది, అమీర్‌పేట వచ్చేదాకా.

మే 21

ఉదయలక్ష్మికి సీటు చాలలేదు. గ్రూపులో పెట్టింది: "రూల్స్ సార్ గారి ఇంట్లో పిల్లకు రూలు తెలియదంటే మనం నమ్మాలా?" కింద ఎవరెవరో చేతులు జోడించిన బొమ్మలు.

అసోసియేషన్‌కు ఫిర్యాదు కూడా ఇచ్చిందట. తెలిసే చేసిందని తేలితే రెండేళ్ళు ఎక్కడా ఆడనివ్వరు. వచ్చే నెల ఆరున సోమాజిగూడ ఆఫీసులో కమిటీ కూర్చుంటుంది. రఘురామ్ గారే ఫోన్ చేసి చెప్పారు. "అమ్మాయి పదహారేళ్ళది, మాకూ ఇష్టం లేదండి. ఆ రోజు గ్రీన్ దగ్గర ఎవరైనా ఉండి, జరిగింది వచ్చి చెబితే తేలిపోతుంది" అన్నారు.

"చూస్తానండి" అన్నాను.

దేన్ని చూస్తానో ఆయన అడగలేదు.

మే 23

పదహారో గ్రీన్ సంగతి మళ్ళీ రాస్తున్నాను, సరిగ్గా గుర్తున్నప్పుడే రాసి పెట్టుకోవడం మంచిది.

బంతి పడగానే సుష్మిత, "ఇది పడినట్టేనా?" అంది. తన స్కోరు కార్డు హైందవి, హైందవి కార్డు తను రాస్తున్నారు కాబట్టి అడగడం న్యాయమే. హైందవి నా వైపు చూసింది. నేను తాడు అవతల నిలబడ్డాను. తల ఊపాను. నలభై ఒకటో బిట్టు అది, దానికీ తెలుసు, నాకూ తెలుసు. గట్టిగా చదివినవాడు ఎవడైనా అదే చెబుతాడు.

తల ఊపడం చెప్పడం కాదు.

మే 25

అరుణ వారం రోజులుగా బ్యాంకు డ్యూటీకి వెళ్తూ వస్తూ ఏమీ అడగలేదు. అడగలేదని నేను సంతోషించాను. ఇవాళ పప్పు వడ్డిస్తూ అడిగింది.

"దానికి ఆ రూలు చెప్పింది మీరా?"

"బిట్లలో ఉంది."

"బిట్లు రాసిందెవరండీ?"

"ఇంతకీ నువ్వనేదేంటి?"

"రఘురామ్ గారు దాన్ని పిలిచి అడిగారు కదా, నీకెవరైనా చెప్పారామ్మా అని. అప్పుడు మీరెక్కడున్నారు?"

"పక్కనే ఉన్నాను."

"అదేమంది?"

"నాకే తెలుసనుకున్నాను సార్ అంది."

"మీరేమన్నారు?"

నేను ఏమన్నా తీర్పు మారేది కాదు. అదే చెప్పాను అరుణతో. ఎవరు చెప్పారన్నది రూల్సులో లేదు. స్ట్రోకు కొట్టారా లేదా, అంతే. నేను నోరు తెరిచినా సీటు సుష్మితదే.

"నేనడిగింది సీటు గురించి కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది. నా కంచంలో పప్పు వేసింది కానీ నెయ్యి వెయ్యలేదు. వేసుకున్నాను నేనే.

మే 28

కొత్త రూల్స్ పుస్తకం కొన్నాను. ఆ ముక్క ఉంది. పదమూడో రూలులో, ఎవరికైనా కనబడేలా ఉంది. పెద్ద కష్టమైన భాష కూడా కాదు.

పాత బిట్లు నలభై ఒకటి దగ్గర తెరిచి ఎర్ర పెన్ను పట్టుకున్నాను. మూత పెట్టేశాను.

హైందవి టెర్రస్ మీదికి రావడం లేదు. మ్యాట్ మీద రాజమ్మ వడియాలు పెట్టుకుంది. "సారూ, ఉత్తగనే పడున్నది గదా అని పెట్టిన. తియ్యమంటే తీస్త" అంది. ఉండనిమ్మన్నాను.

మే 31

క్లాసులో ఒక అమ్మాయి చెయ్యి లేపి, "సర్, ఈ మోడల్ ఇప్పుడు అడగట్లేదంట కదా?" అంది. చెయ్యి దించమన్నాను. ఆ అమ్మాయి దించి, బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. 

జూన్ 2

క్లాసు అయ్యాక పంజాగుట్ట నుంచి నడిచే వెళ్ళాను సోమాజిగూడకు. అసోసియేషన్ ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు పని చెయ్యడం లేదు. మోకాలు నొప్పిగా ఉంది. కింద ఇరానీ చాయ్ తాగి వచ్చేశాను. ఆరో తేదీకి ఇంకా టైముంది.

జూన్ 3

మోకాలు నొప్పి.

జూన్ 4

మోకాలు నొప్పి తగ్గలేదు. ఐదంతస్తులు ఎక్కి టెర్రస్ మీదికి వెళ్ళి కూర్చున్నాను కాసేపు, గాలి కోసం.

జనం ఏమనుకుంటారన్నది కాదు నా బాధ. ఇరవై ఏళ్ళ పేరు. నేను తప్పు చెప్పానని గ్రూపులో వస్తే, అక్కడినుంచి మా స్టూడెంట్సుకు, వాళ్ళనుంచి డైరెక్టరుకు. ఇప్పటికే ప్యాటర్న్ అంటున్నాడు. నా ఉద్యోగం పోతే హైందవికేనా మంచిది? తండ్రిగా ఇవన్నీ నేనే ఆలోచించాలి. ఎవరూ ఆలోచించరు.

రేపు వెళ్తాను.

జూన్ 6

పొద్దున అరుణ సెలవు పెట్టి హైందవిని తీసుకుని వెళ్ళింది. నన్ను రమ్మనలేదు. నేను క్లాసుకని బయల్దేరి, పంజాగుట్టలో దిగి, దిగినవాణ్ణి దిగినట్టే సోమాజిగూడ వెళ్ళాను. ఈసారి మూడంతస్తులూ ఎక్కాను. అప్పటికే అయిపోయింది. కుర్చీలు సర్దుతున్నారు.

రఘురామ్ గారు నన్ను చూసి కూర్చోమన్నారు.

"అమ్మాయి మీద ఫిర్యాదు కొట్టేశాం చక్రపాణి గారూ. తెలిసి చేసింది కాదు."

"నేను అదే చెబుదామని..."

"సుష్మిత చెప్పింది."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పారు. సుష్మిత లేచి నిలబడి, వాళ్ళమ్మ చెయ్యి పట్టి కూర్చోమని లాగుతున్నా వినకుండా చెప్పిందట. "హైందవి రిఫరీ కోసం చెయ్యి లేపింది సార్. వాళ్ళ నాన్నగారు చెయ్యి దించు అన్నారు. నేను విన్నాను" అని. 

"మీ అమ్మాయిని అడిగాం, నిజమేనా అని. అప్పుడు కూడా మీ పేరు చెప్పలేదండి. తల వంచుకు నిలబడింది" అన్నారాయన. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అవును. చెయ్యి లేపింది. కాశిఫ్ నేర్పినట్టు, మోచెయ్యి వంచకుండా, నిటారుగా లేపింది. రఘురామ్ గారి బండి పదిహేనో గ్రీన్ దగ్గరే ఉంది. ఇటే తిరిగి ఉంది. నిమిషంలో వచ్చేవారు. వచ్చి, బంతి తెచ్చి పెట్టి కొట్టమ్మా అనేవారు. అది కొట్టేది. ఈ పాటికి బెంగళూరులో ఉండేది.

చెయ్యి దించు, నలభై ఒకటో బిట్టు, అన్నాను. నవ్వుతూ అన్నాను. పక్కన ఉన్న తల్లిదండ్రులు వినాలని కాస్త గట్టిగానే అన్నాను.

దించింది.

జూన్ 7

సాయంత్రం హైందవి వంటింట్లో నీళ్ళు తాగుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

"నిన్న వచ్చాను నేను కూడా. చెబుదామనే వచ్చాను. అప్పటికే అయిపోయింది."

"తెలుసు నాన్నా. రఘురామ్ సార్ అమ్మకు ఫోన్ చేశారు."

"ముందు రోజే వచ్చేవాణ్ణి. ఈ మోకాలు..."

"ఎలా ఉంది మోకాలు?" అంది. నిజంగా అడుగుతోందేమోనని ముఖంలోకి చూశాను. గ్లాసు కడిగి బోర్లించింది. అదే గ్లాసు, టెర్రస్ మీద హోల్ అని పెట్టుకున్నది. బోర్లించి, తుడిచి, వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే దానికి జవాబు చెప్పేవాణ్ణి. నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి.

జూన్ 11

గ్రూపులో ఎవరో గ్రీన్ మీద నీళ్ళు నిలిస్తే ఏం చెయ్యాలని అడిగారు. నాకు తెలుసు. ఇప్పుడు కొత్త పుస్తకం మొత్తం తెలుసు, ఏ పేజీ అయినా సరే. టైపు చేశాను. పంపేలోపు ఇంకొకాయన, "రిఫరీని పిలవండి" అని పెట్టాడు. అందరూ ఆయనకు థాంక్స్ చెప్పారు. నేను రాసింది చెరిపేశాను.

జూన్ 15

హైందవి మళ్ళీ ప్రాక్టీసుకు వెళ్తోంది. కాశిఫ్ వచ్చి తీసుకెళ్తున్నాడు, యూసుఫ్‌గూడ నుంచి ఇటు వచ్చి మరీ. "పోరి ఆట ఎక్కడికీ పోలే సర్, జర టైం ఇయ్యండి" అన్నాడు మెట్ల దగ్గర.  నేను రూల్స్ గురించి ఏమైనా అంటానేమోనని ఒక క్షణం ఆగినట్టనిపించింది. అనలేదు.

జూన్ 22

క్లబ్బులో చిన్న పోటీ. కప్పు తప్ప ఏమీ ఇవ్వరు. అరుణ, "రావాలనుంటే రండి" అంది. వెళ్ళాను. కొత్త పుస్తకం జేబులో పెట్టుకున్నాను. ఎందుకంటే చెప్పలేను.

పదకొండో గ్రీన్. హైందవి బంతి బాగా దగ్గరకొచ్చి ఆగింది. నాణెం పెట్టడానికి నడుస్తూనే ఉంది, ఎక్కడినుంచి వచ్చిందో ఒక కాకి దిగి బంతిని ముక్కున కరుచుకుంది. కాస్త దూరం ఎగిరి, తినేది కాదని తెలిసిందేమో, గ్రీన్ చివర వదిలేసి పోయింది. చూస్తున్నవాళ్ళు నవ్వారు. పక్కన ఆడుతున్న అమ్మాయి, "ఇప్పుడెలా?" అంది.

నాకు తెలుసు. తొమ్మిదో రూలు. పెనాల్టీ లేదు. కాకి ఎత్తిన చోటే మళ్ళీ పెట్టి కొట్టాలి. కచ్చితమైన చోటు తెలియకపోతే అంచనా వేసుకుని పెట్టాలి. ఇది పాత పుస్తకంలోనూ ఇంతే, కొత్తదాంట్లోనూ ఇంతే. ఇందులో పొరపాటుకు తావే లేదు. తాడు ఇవతల, అది మామూలుగా మాట్లాడినా వినబడేంత దగ్గర నిలబడి ఉన్నాను. నోటిదాకా వచ్చింది. "హైందవీ" అన్నాను కూడా.

దానికి వినబడింది. భుజం కాస్త కదిలింది. ఇటు తిరగలేదు.

చెయ్యి లేపింది. మోచెయ్యి వంచకుండా, నిటారుగా.

రిఫరీ బండి చాలా దూరాన ఉంది. ఎండ మండిపోతోంది. పక్కమ్మాయి కూర్చుంది. కాశిఫ్ గొడుగు తెచ్చి పట్టాడు. రిఫరీ వచ్చి పక్కన నిలబడేదాకా హైందవి చెయ్యి దించలేదు.